చెక్కను చెక్కతో అతికించిన రోజులు

మొన్నామధ్య మా చిన్నకోడలు వంటింట్లో కొత్త అలమరాలు పెట్టించుకుంటానంటే, అనంతపురంలోని మా ఇంటి వసారాలో వడ్రంగి నాలుగు రోజులపాటు పని చేశాడు. అతను ప్లైవుడ్ పలకలు ఆటోలోంచి దింపి గోడకు ఆనించగానే, నేను అలవాటు కొద్దీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరవమన్నాను. అతను రంపం పెట్టి మొదటి పలక కోశాడు. నా కళ్లు మండలేదు. రెండోది కోశాడు, అప్పుడూ మండలేదు. నాకు నమ్మకం కుదరక దగ్గరికి వెళ్లి, కోసిన అంచుకు ముక్కు ఆనించినంత పని చేసి చూశాను. పచ్చి కొయ్య వాసన తప్ప మరేమీ లేదు. వడ్రంగి నా అవస్థ చూసి, "ఇది సోయా బంకతో చేసినారంట మేడం. చిన్నపిల్లోల్లు ఉండే ఇండ్లకు ఇప్పుడు ఇదే అడుగుతాండారు," అన్నాడు.

నేను అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. కోడలు వచ్చి, ఏమైందత్తయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగితే, పొట్టు కళ్లలో పడిందని చెప్పాను. ముప్పై ఏళ్ల పైచిలుకు నాటి మాట అది, ఆ పిల్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. నా ఈడు వాళ్లయితే వింటారని, అర్థం చేసుకుంటారని, ఇలా కాగితం మీద పెడుతున్నాను.

మాది మడకశిర వైపు ఒక మెట్ట ఊరు. వానను నమ్ముకుని వేరుశనగ వేయడం, అది మొహం చాటేస్తే మళ్లీ ఏడాదిదాకా ఆకాశం చూడడం, అంతకుమించి మా నాయనకు మరో వ్యాపకం తెలియదు. పంట పండిన ఏడాది కాయలు మిల్లుకు వేసుకుని వెళ్తే నూనె తీసిన తరువాత మిగిలిన పిప్పిని వేడివేడిగా బిళ్లలుగా ఇచ్చేవారు, దాన్ని చెక్క అనేవాళ్లం. ఎనుములకు పెట్టడానికి తెచ్చిన ఆ చెక్కలో సగం దారిలోనే నేను కొరుక్కు తినేదాన్ని. ఇంట్లో మా జేజి, అంటే నాయనమ్మ, చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, తిరగలిలో విసిరి, ఆ పిండిని ఉడికించి, నానిన పాత కాగితాల గుజ్జులో కలిపి చాటలకూ గంపలకూ అలికేది. అది ఆరిందంటే రాయితో కొట్టినా ఊడేది కాదు. ఇవేవీ చదువుకు పనికొచ్చే సంగతులని నాకు అప్పట్లో తెలియదు. మా ఊళ్లో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే, అదీ కెమిస్ట్రీ. ఆ మాట నాయన బస్సులో పక్కన కూర్చున్న వాళ్లకు కూడా అడక్కుండానే చెప్పేవాడు.

చదువు అయిన ఏడాదే చిలమత్తూరు దగ్గర ఒక చిన్న ప్లైవుడ్ ఫ్యాక్టరీలో బంకల పరీక్షకు మనిషి కావాలంటే చేరాను. నీలగిరి దుంగలను పలచటి పొరలుగా చీల్చి, ఆరబెట్టి, పొరకూ పొరకూ మధ్య బంక పూసి, వేడి ప్రెస్సు కింద అదిమితే పలక అవుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆ బంక యూరియా, ఫార్మలిన్ కలిపి చేసేది. ప్రెస్సు తెరిచినప్పుడల్లా లేచే ఆవిరికి కళ్లలో మిరప్పొడి చల్లినట్టుండేది. నాకు గాజు తలుపుల వెనక ఒక గది ఉండేది, బల్ల ఉండేది, పైన ఫ్యాను ఉండేది. బంక పూసే రోలర్ల దగ్గర నిలబడే ఆడవాళ్లకు పైటకొంగు తప్ప మరేమీ ఉండేది కాదు.

ఆ ఆడవాళ్లలో పెద్దామెను అందరూ అక్కా అనే పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. నాకంటే పదేళ్లు పెద్దదేమో. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఎప్పుడు చూసినా కళ్లు ఎర్రగా ఉండేవి, వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, పక్కకు తిరిగి, పొడిదగ్గు తీరిందాకా దగ్గి, మళ్లీ ఆపిన మాట దగ్గర నుంచే అందుకునేది. నేను చేరిన మొదటి వారంలోనే నా గదికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"పాపా, నువ్వు ఈ బంకల సదువే సదివినావంట గదా. వాసన లేకుండా సేసేకి రాదా?"

నేను చూస్తానక్కా అన్నాను. ఏదో చెప్పాలి కాబట్టి చెప్పిన మాట అది. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. పాలవిరుగుడుతో, సోయాతో చెక్కలు అతికించేవారని నేను పుస్తకాల్లో చదివాను. ఏ గింజలో మాంసకృత్తులు దండిగా ఉంటే ఆ గింజతో బంక చేయవచ్చని అందులోని సారాంశం. మా ప్రాంతంలో సోయా ఎక్కడిది? కానీ ఏ మిల్లు ముందు చూసినా వేరుశనగ చెక్క గుట్టలు గుట్టలుగా ఉండేది. మరుసటి ఆదివారం ఊరికి వెళ్లి వస్తూ ఒక సంచిలో చెక్క, ఒక డబ్బాలో మా జేజి విసిరిచ్చిన చింతగింజల పిండి తెచ్చుకున్నాను.

చెక్కలో మిగిలిన నూనెను తీసేయడం, మెత్తగా దంచి పలచటి గుడ్డలో జల్లించడం, నీళ్లలో కలిపి సున్నపుతేటా కాస్త కాస్టిక్ సోడా పోసి గిలకొట్టడం, చిక్కదనానికి చింతగింజల పిండి చేర్చడం, ఇలా ఎన్ని పాళ్లలో ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. మొదట్లో చేసినవి ప్రెస్సులోంచి తీయగానే పుస్తకం పుటల్లా విడిపోయేవి. ఒకసారి బంక పులిసి గది అంతా కంపు కొట్టింది. మరోసారి ఆరుబయట పెట్టిన డ్రమ్మును గొర్రెల మంద వచ్చి శుభ్రంగా నాకిపోతే, ఫ్యాక్టరీ మొత్తం పని ఆపి నవ్వింది. అక్క నవ్వి నవ్వి దగ్గు తెరలో పడిపోతే, అందరమూ నవ్వు ఆపి ఆమె ఊపిరి అందుకునేదాకా నిలబడ్డాం.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పలక కుదిరింది. పలక అంచున కత్తి దూర్చి విప్పితే అతుకు ఊడకూడదు, కొయ్యే చీలాలి, అప్పుడే బంక గట్టిదని లెక్క. నేను కత్తి దూర్చి మెలితిప్పాను. కొయ్య చీలింది. మళ్లీ తిప్పాను, మళ్లీ కొయ్యే చీలింది. ఆ పలకను ఓనరు గారి బల్ల మీద పెట్టినప్పుడు ఆయన కూడా స్వయంగా కత్తి తీసుకుని రెండుసార్లు ప్రయత్నించి, చివరికి తల ఊపి, ఒక రోలరు, ఒక ప్రెస్సు నాకు వదిలేశారు. ఆయన చెడ్డమనిషి కాదు, అప్పుడూ ఇప్పుడూ నేను ఆ మాట అనను. కొత్త పని అంటే ఉత్సాహం ఉన్న మనిషి, అంతకంటే ఎక్కువగా తొందర ఉన్న మనిషి.

ఆ తరువాతి నాలుగు నెలలు నా జీవితంలో నేను మళ్లీ చూడలేదు. ప్రెస్సు తెరిస్తే వేయించిన వేరుశనక్కాయల వాసన షెడ్డంతా కమ్ముకునేది. అక్కను ఆ రోలరు దగ్గరే పెట్టించుకున్నాను. పొద్దున కలిపిన బంక మధ్యాహ్నం దాటితే చెడిపోయేది కాబట్టి, ఎంత కలపాలి, ఎప్పుడు కలపాలి అన్నది ఆమె నాకంటే బాగా పట్టేసింది. చేతి వేలితో తీసి జారవిడిచి, ఇంకా నీళ్లు కావాలనీ చాలనీ చెప్పేది, చిక్కదనం కొలిచే నా గాజు గొట్టం కూడా అదే చెప్పేది. నెల తిరిగేసరికి ఆమె కళ్ల ఎరుపు తగ్గింది. నేను అది చూసి లోలోపల గర్వపడ్డాను. ఆ గర్వమే తరువాత నా నోరు నొక్కింది.

ఆ బంకకు ఒక్కటే లోపం, నీళ్లు. పలకను ఒక రోజు నీళ్లలో ముంచి తీస్తే ఏమీ కాదు. రెండో రోజుకు అంచులు కాస్త విచ్చుకుంటాయి. మూడో రోజుకు వేలితో విప్పవచ్చు. అదంతా నా నోటుబుక్కులో నా చేతిరాతతోనే ఉంది. ఆ సంగతి ఓనరు గారికి చెబితే ఆయన నవ్వేశారు.

"ఏమ్మా, తాగేకే నీళ్లు లేని సీమలో ఉండి నువ్వు నీళ్లకు భయపడతావేమి? ఈడ వాన పడితే గదా, పలక తడిసేది."

అది నిజమే అనిపించింది. మూడేళ్లుగా చినుకు సరిగా పడని నేల మాది. అయినా బంకను నీళ్లకు ఆగేలా చేసే మందు కోసం వెతుకుతూనే ఉన్నాను. ఒకరోజు బకెట్లో మూడు రోజులు నానిన పలకను విప్పి చూసి విసుగ్గా పక్కన పడేస్తుంటే, అక్క దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఆమె పుట్టింటివాళ్లది తాతల నాటి నుంచి బట్టలుతికే పని. ఆ ఇంటి జ్ఞాపకంతోనే అన్నది కాబోలు.

"మేము బట్టలకు గుర్తు పెట్టేది నల్లజీడి గింజతో గదా పాపా. ఆ మరక ఎన్నితూర్లు బండకేసి ఉతికినా పోదు. గుడ్డ చినిగిపోతాదే గానీ గుర్తు పోదు. దాని రసం నీ బంకలో ఏసి సూడరాదా?"

నేను ఏమన్నానో ఇప్పటికీ నాకు మాట మాటా గుర్తుంది. "అది బట్టల సంగతి అక్కా, ఇది కెమిస్ట్రీ," అన్నాను. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లు నవ్వారు. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పుండ్లు పడుతుందని నాకు తెలుసు, ఆ కారణమైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అక్క కూడా నవ్వి, పలకను గోడకు ఆనించి, తన రోలరు దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ నెలలోనే సముద్రం ఒడ్డున ఉండే ఒక ఊరి నుంచి పాఠశాల బల్లలు చేయించే కంట్రాక్టరు వచ్చారు. వాసన లేని పలకలంటే ఆయనకు బాగా నచ్చింది, పిల్లలు కూర్చునేవి కదా అన్నారు. ఓనరు గారు నన్ను పిలిపించి, ఆయన ఎదుటే, మన పలక ఆ వైపు వానలకు ఆగుతుందా అని అడిగారు. నేను నిలబడి ఉన్నాను. నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. ఇంకా ఆరు నెలలు కావాలి, నీళ్ల పరీక్షలో నెగ్గలేదు అని చెప్పాల్సిన మనిషిని ఆ ఫ్యాక్టరీ మొత్తానికి నేనొక్కతినే. అది చెబితే ఈ రోలరు ఆగిపోతుందేమోనని భయం, కంట్రాక్టరు ముందు నా బంకను నేనే తక్కువ చేసుకోవడమెందుకనే పొగరు, ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ తేల్చుకోలేను.

"ఏం కాదు సార్," అన్నాను.

పలకలు లారీకెక్కాయి. అక్కా నేనూ గేటు దాకా వెళ్లి చూశాం. ఆ ఏడాది ఆ వైపు వానలు ముందుగానే పట్టుకుని వారం రోజులు తెరపి ఇవ్వలేదట. బల్లలుగా చేసినవీ, ఇంకా చేయకుండా షెడ్డులో పెట్టినవీ కూడా ఉబ్బి, బూజు పట్టి, పొరలు పొరలుగా ఊడాయి. అదే లారీ మీద అవి తిరిగొచ్చాయి. టార్పాలిన్ విప్పితే పులిసిన పిండి కంపు. ఓనరు గారు నా మీద కేకలేయలేదు. ఒక పొరను వేలితో లాగి, అది చేతిలోకి వచ్చాక, దాన్ని చూస్తూ, "నువ్వు చెప్పింటే ఆపేవాణ్ణి గదమ్మా," అన్నారు. అంతే. ఆ సాయంత్రానికల్లా నా డ్రమ్ములు కడిగించి మళ్లీ పాత ఫార్మలిన్ బంకే పోయించారు.

మర్నాడు అక్క కొంగు ముక్కుకు కట్టుకుని, ఏమీ జరగనట్టు అదే రోలరు దగ్గర నిలబడింది. నేను గాజు తలుపుల వెనక నుంచి చూశాను. బయటికి వెళ్లి ఆమెతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. నాలుగు రోజులకే మళ్లీ ఆ దగ్గు వినబడసాగింది. అంతకుముందు కూడా వినేదాన్నే, కానీ అప్పుడు అది ఎవరి చేతా కానిది. ఇప్పుడు నా చేతుల్లోంచి జారిపోయినది. వినలేక గది తలుపు వేసుకునేదాన్ని. మూడు నెలల్లో ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వస్తే, మా నాయన సంతోషం అడ్డం పెట్టుకుని, ఎవరికీ సరిగా చెప్పకుండా ఫ్యాక్టరీ వదిలేశాను. అక్కకు కూడా చెప్పలేదు.

పెళ్లి, పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు, పేపర్లు దిద్దడాలు. నోటుబుక్కు ట్రంకుపెట్టెలో అడుగున పడిపోయింది. పదిహేనేళ్లు దాటిన తరువాత, ఒక ఏడాది మా కాలేజీ ల్యాబుకు జీడిపప్పు తీసేసిన పెంకుల నూనె ఒక డబ్బా వచ్చింది, రంగులకు సంబంధించిన ఏదో ప్రయోగం కోసం. మూత తీసి ఆ నల్లటి జిగురు చూడగానే అక్క చెప్పిన నల్లజీడి గుర్తొచ్చింది. జీడిమామిడీ నల్లజీడీ ఒక కుటుంబానివేనని నేను పిల్లలకు పాఠం చెబుతూనే ఉన్నాను, ఆ రెండు ముక్కలూ ఏనాడూ కలుపుకోలేదు. ఆ నూనెను బాగా కాచితే అందులోని మంట చాలా మటుకు తగ్గుతుంది. సెలవు రోజున ఒక్కదాన్నే కూర్చుని వేరుశనగ చెక్కతో పాతపద్ధతిలో బంక కలిపి, కాచిన ఆ నూనె కొంత చేర్చి, చిన్నవి నాలుగు పలకలు అతికించి వేడిలో అదిమాను. బకెట్లో వేశాను. మూడు రోజులు చూశాను. వారం చూశాను. పదో రోజున కత్తి దూర్చి తిప్పితే కొయ్య చీలింది.

చీలిన ఆ కొయ్యను బల్ల మీద పెట్టి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. సంతోషం ఏ కోశానా కలగలేదు. అక్క చెప్పిన రోజు నుంచి లారీ ఎక్కిన రోజు దాకా మధ్యలో మూడు వారాలున్నాయి. మూడు వారాలు చాలు, నాలుగు పలకలు అతికించి బకెట్లో వేయడానికి.

ఆ వేసవిలోనే బస్సెక్కి వెళ్లాను. ఫ్యాక్టరీ గేటుకు తుప్పు పట్టిన తాళం ఉంది, ఓనరు గారు పోయి చాలా ఏళ్లయిందని టీ అంగడి ఆయన చెప్పాడు. అక్క ఊరు అక్కడికి రెండు మైళ్లు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది, నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు, తరువాత పట్టింది. లేవబోయింది కానీ ఊపిరి చాల్లేదు. పక్కన పీల్చుకునే మందు గొట్టం. ఆసుపత్రిలో డాక్టరు నువ్వు బీడీలు తాగుతావా అని అడిగినాడని చెప్పి నవ్వింది. కూతురు లోపలి నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. నల్లజీడి మాట నువ్వే చెప్పావు, నేను నవ్వాను, నువ్వు చెప్పిందే నిజమైంది, కంట్రాక్టరు ముందు నేను అబద్ధం చెప్పాను, తప్పు నాదక్కా అన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"నేనట్ల సెప్పినానా? నాకేం యాదికి లేదు పాపా," అంది. కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది. "ఆ నాలుగు నెల్లు మాత్రం యాదికి ఉండాది. ఇంటికి పోతానే ఇదో, ఈ పిల్ల పరిగెత్తుకొచ్చి నా చేతులు నాకేది, చెనక్కాయ వాసన వస్తాండాదని. అంతకుముందు నా దగ్గరికే వచ్చేది కాదు, కండ్లు మండుతాయని ఏడ్చేది. నువ్వు ఎల్లిపోయినాక మల్లా అట్లే అయిపాయ."

కూతురు సిగ్గుపడి లోపలికి వెళ్లింది. నేను క్షమించమని అడగడానికి పోయిన విషయం ఆమెకు గుర్తే లేదు, ఆమెకు గుర్తున్నది నాకు అసలు తెలియనే తెలియదు. సంగటి తిని పొమ్మంది, తిన్నాను. ముందుగా చెప్పకుండా వెళ్లిపోయావేమని ఆమె అడుగుతుందని ప్రతి ముద్దకూ ఎదురుచూశాను. అడగలేదు. ఆ మరుసటి ఏడాదే ఆమె పోయిందని తరువాత ఎవరో చెప్పగా తెలిసింది.

ఈమధ్య పెళ్లి పనుల మీద ఆ దారిలో వెళ్లాను. ఒకప్పుడు వేరుశనగ తీగ తప్ప మరొకటి కనబడని చేల మధ్య పెద్ద పెద్ద షెడ్లు లేచాయి, ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లోంచి మాస్కులు పెట్టుకుని దిగుతున్నారు, చేతులకు తొడుగులు, మెడలో కార్డులు, లోపల గాలి కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయట. మా రోజుల్లో ఇవేవీ లేవు, ఇవన్నీ రావడం మంచిదే, చూసి సంతోషించాను కూడా. మా కారు ఒక గేటు ముందు కాసేపు ఆగితే, లోపలికి వెళ్తున్న ఒక పిల్ల పక్కనున్న ఆమెకు చేతులు తిప్పుతూ ఏదో పని విషయమే చెబుతోంది, అద్దం వేసి ఉండడంతో నాకు వినబడలేదు. ఆ లోపల ఎక్కడో ఒక గాజు గది ఉంటుంది, అందులో చదువుకున్న మనిషి ఒకరు కూర్చుని ఉంటారు. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి అదే మాట చెబితే, వాళ్లు నవ్వుతారో, కలం తీసి రాసుకుంటారో, రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు తెలియదు.